కాళ్ళ మధ్య దారం

నూనె కాగింది, మొదటి పిండిముక్క పడింది, సుయ్‌మంది, ఇంక వరసగా పడుతూనే ఉన్నాయి, తెర అవతల మా అమ్మ బోర్సోకులు వేయిస్తోంది, ఇవతల నేను గోడ వైపు తిరిగి నిద్ర నటిస్తున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళవాణ్ణి, కన్నతల్లి ముందు దొంగనిద్ర పోతున్నాను, సిగ్గుండాలి. ఉంది, సిగ్గే ఉంది, దానికేం కొదవ లేదు. గోడకి కట్టిన ఊలు తివాచీలో గొర్రెకొమ్ముల అల్లిక కళ్ళకెదురుగా ఉంది, ఒక కొమ్ము చివర పోగు లేచి ఉంటే చలికాలమంతా దాన్నే పీకుతూ కూర్చున్నాను, కూర్చోవడం ఏముంది, పడుకున్నాను, ఇప్పుడా గొర్రెకు ఒకటే కొమ్ము మిగిలింది. ఎడమ కాలి బొటనవేలు దురద పెడుతోంది. గోకుదామని చెయ్యి దుప్పటి కిందకి పోయింది, మోకాలు దాటింది, అక్కడితో ఆగిపోయింది. రోజూ ఇదే వరస. ఉన్న వేళ్ళు బుద్ధిగా ఉంటాయి, లేని వేలే అల్లరి చేస్తుంది. ఆసుపత్రిలో నర్సు చెప్పింది, కొన్నాళ్ళు అలాగే ఉంటుంది తమ్ముడూ, నీ ఒంటికి ఇంకా కబురందలేదు అని. ఎంత దూరమని అందకపోవడానికి? ఒకే దుప్పటి కింద ఉన్నాం కదా.

అమ్మ ఏదో తలపెట్టిందని పొద్దున్నే తెలిసిపోయింది. పొయ్యి పక్కన కూర్చుని పావడా కాస్త పైకి లాగి, పిక్క మీద ఊలు పేనుతూ కనిపించింది, ఒక పోగు నలుపు, ఒక పోగు తెలుపు. నేనేమీ అడగలేదు. అడక్కుండానే, పక్క వీధిలో వాళ్ళ మనవడు నడిచాడటరా ఎర్మెక్, తుషోకి దారం పేనిపెట్టమన్నారు, అంది. అడక్కుండా చెప్పేది అబద్ధం కాక ఏమవుతుంది? దారం పేనడం మాత్రం అబద్ధం కాదు, తుషోకి అలాంటి దారమే కావాలి. పసివాడు మొదటిసారి నిలబడగానే గుర్రం ముందరికాళ్ళకు బందం వేసినట్టు వాడి కాళ్ళకి ఆ దారం కడతారు, దూరం నుంచి పిల్లలు పరిగెత్తుకొస్తారు, ముందొచ్చినవాళ్ళు దారం కోసి, చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపిస్తారు. కోసినవాళ్ళ నడకే వాడికి వస్తుందంటారు. నాది కోసినవాడు కొండల్లో మేకలా ఎక్కేవాడట, నేనూ అలాగే ఎక్కాను, ఎక్కినంతకాలం. సరే, దారం పక్క వీధికే అనుకుందాం, మరి మా పెరట్లో పొట్టేలు అరుపు ఎందుకు ఆగిపోయింది? ఉన్న ఒక్కగానొక్క పొట్టేలు. ఆ తలుపు వెనక నిలబెట్టిన పెట్టుడు కాలి బూటుకి నల్లరంగు రాసి తళతళలాడించింది ఎవరు? ఇంట్లో ఉన్నది మేమిద్దరం, నేనైతే రాయలేదు.

అప్పుడే నిర్ణయించుకున్నాను, లేవను. ఊరు ఊరంతా వచ్చి కూర్చున్నా లేవను, నన్నేమైనా మోసుకెళతారా, మోసుకెళ్ళనీ, ఇదివరకొకసారి మోసుకొచ్చినవాళ్ళే కదా. ఆ కాలు పట్నంలో బిగించారు. తెల్లకోటు కుర్రాడు పట్టీలు సర్ది, లేచి నిలబడన్నా, అన్నాడు, నిలబడ్డాను, అద్దంలో చూసుకోమన్నాడు, చూసుకుంటే అద్దంలో మనిషి బాగానే ఉన్నాడు, ప్యాంటు వేస్తే తేడా తెలీదు. ఇంటికొచ్చిన తర్వాత కదా తెలిసింది. మా ఇంట్లో గడప ఉంది, గడప అవతల మెట్టుంది, మెట్టు కింద బురద, బురద మీద మంచు. మొదటి రోజే పొయ్యి దగ్గర తూలి కేటిల్ మీద పడ్డాను. మరుగుతున్న నీళ్ళు అమ్మ చేతుల మీద పడ్డాయి. ఆమె కాలిన చేతులతోనే నన్ను పట్టుకోవడానికి వచ్చింది, నేను నోటికొచ్చిందల్లా అన్నాను, ఆ కాలు తీసుకెళ్ళి వాగులో పారెయ్యమన్నాను. పారెయ్యలేదు. తలుపు వెనక పెట్టింది. తలుపు వేసినప్పుడల్లా అది కనిపిస్తుంది, వచ్చి కూర్చోవడానికి మొహమాటపడుతున్న చుట్టంలా ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. అమ్మ దాని మీద దుమ్ము తుడుస్తుంది. నేను మొహం తిప్పుకుంటాను. చలికాలమంతా ఈ ఇంట్లో మేం ముగ్గురం.

మాంసం ఉడుకుతున్న వాసన మొదలైంది. ఈ వాసన వస్తే నాకు నా ఎర్రగుర్రం గుర్తుకొస్తుంది, వద్దన్నా వస్తుంది. కనుమ దిగుతున్నాం, పొద్దున, మంద ముందుంది, మేం వెనక, మంచు కింద గడ్డ కట్టిన నీళ్ళు. దాని డెక్క జారింది, అది పడింది, కింద నేను. ఎముక విరిగిన చప్పుడు రెండుసార్లు వినిపించింది, ఒకటి నాది, ఒకటి దానిది. నా ఎడమ కాలు దాని డొక్క కింద ఉంది, దాని ముందరికాలు వంకరపోయి ఉంది. గుర్రానికి నొప్పెడితే పొర్లుతుంది, అది చిన్నప్పుడే చూశాను, అది పొర్లితే నేను నుజ్జు నుజ్జు అయ్యేవాణ్ణి. అది పొర్లలేదు. వణికింది, పళ్ళు కొరికింది, మెడ తిప్పి నన్ను చూసింది, మళ్ళీ మెడ వాల్చింది, అంతే, కదలకుండా పడుకుంది. మంచు కురుస్తూ ఉంటే దాని వెచ్చదనమే నాకు దుప్పటి. నేను దాంతో మాట్లాడాను, చాలా మాట్లాడాను, అమ్మాయిలతో కూడా అంత మాట్లాడి ఎరగను. చీకటి పడే ముందు మనవాళ్ళొచ్చారు. నన్ను లాగారు, జీనుగుడ్డలో చుట్టి మోసుకెళ్ళారు, వెనక ఇద్దరు ఆగిపోయారు. ఎందుకు ఆగారో నాకు తెలుసు, నేనే అయినా ఆగేవాణ్ణి. కాలు విరిగిన గుర్రాన్ని ఉంచరు. నేను ఆసుపత్రిలో ఉండగా ఇంటికి పరామర్శకొచ్చిన వాళ్ళకి అమ్మ ఆ మాంసమే వండి పెట్టింది, అదేం తప్పు కాదు, ఇక్కడ ఎవరైనా అదే చేస్తారు.

కానీ ఇక్కడ పడుకుని చలికాలమంతా ఒక్కటే ఆలోచన. కాలు విరిగిన గుర్రానికి కత్తి, కాలు పోయిన మనిషికి సూపు. రెండూ దయే అంటారు. దానికి చేసిన దయ నాకెందుకు చెయ్యలేదు, అని అడిగేవాణ్ణి, తివాచీని అడిగేవాణ్ణి, ఎవరు చెబుతారు? ఒక్కో రోజు దాని మీద అసూయగా ఉండేది, దాని పని అయిపోయింది కదా అని. ఇంకో రోజు ఏడుపొచ్చేది, అది పొర్లకుండా ఓర్చుకున్నది ఇలా గోడకి మొహం పెట్టి పడుకునే వాడి కోసమా? పాపం, దానికి తెలీదు. తెలిస్తే పొర్లేదేమో. లేదు, అది పొర్లేది కాదు. నాకు దాన్ని తెలుసు.

గేటు కిర్రుమంది. వచ్చేశారు. ముందుగా జూరా పిన్ని, ఇంకెవరు, మా వీధి చివరింటి జూరా పిన్ని, నోట్లో నువ్వుగింజ నానదు, ఆమెకి చెబితే కనుమ అవతలి గొర్రెలకి కూడా తెలుస్తుంది. ఆమె వెనక ఇంకా అడుగులు, బోలెడు అడుగులు, నా చెవులకిప్పుడు అడుగులే వినిపిస్తాయి, ఎవరు మడమ ఈడుస్తారో, ఎవరు దూకుతారో, అన్నీ కుడీ ఎడమా సరిగ్గా పడుతున్నాయి, వాళ్ళకేం. దోరొన్ తాత కర్ర టకటక. పిల్లల గోల. పెరట్లో బల్లలు వేస్తున్నారు. ఇంక తెర అవతల జూరా పిన్ని గొంతు, మా అమ్మని పేరు పెట్టి పిలుస్తూ.

"సైకాల్, ఏదే, పసివాడేడీ? ఇదిగో, వీడికని సంతలో బూట్లు కొన్నాను చూడు, మెత్తటి తోలు, లోపల బొచ్చు."

"కూర్చో జూరా, టీ తాగు."

"టీకేం తొందర, ముందు వాడి మొహం చూపించు. ఒక్కటడుగుతాను, ఏమనుకోకే. మీ ఎర్మెక్‌కి ఆలూ లేదు, చూలూ లేదు, మనవడు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడే? ఊరంతా అదే అనుకుంటున్నారు, నేను కాదులే, ఊరంతా. పట్నంలో ఎవత్తో కని తెచ్చి నీ ఒళ్ళో పెట్టిపోయిందట కదా? ఆసుపత్రి నర్సేనట కదా?"

దుప్పటి నా మొహం మీదికి లాక్కున్నాను. చంపేశావు అమ్మా. మా ఊళ్ళో తుషో ఉంది రండి అంటే చాలు, ఎవరికి అని ఎవరూ అడగరు, తుషో అంటే పసివాడిదే, అందులో అడగడానికేముంది? అమ్మ కూడా చెప్పలేదు, రండి అని మాత్రం కబురు పెట్టింది, ఊరు తన లెక్కలు తను వేసుకుంది. ఆ నర్సుకి యాభై ఏళ్ళుంటాయి, నన్ను తమ్ముడూ అనేది. బల్ల మీద ఏవో పెడుతున్న చప్పుడు, మెత్తగా, ఒకటి తర్వాత ఒకటి. ఒకావిడ, నేనూ బూట్లే తెచ్చానే, అంది. ఇంకొకావిడ, అయ్యో, నేనూ బూట్లే, అంది. బూట్లే, బూట్లే, ఒక్కరికీ ఇంకేదీ తట్టలేదు. తెరకి పక్కన సందుంది, ఒక కన్నుపెట్టి చూశాను. మా బల్ల మీద బొటనవేలంత బూట్లు, ఎర్రవి, గోధుమరంగువి, కుందేలు చెవులున్నవి, జతలు జతలుగా.

"పసివాడు లోపల పడుకున్నాడు," అంది అమ్మ.

"ఇంకా నిద్రేనా? ఎన్ని నెలలే వాడికి?"

"ఇరవై తొమ్మిదేళ్ళు."

నూనె చిటపటలాడింది. టీ పోస్తున్న చెయ్యి ఎవరిదో ఆగిపోయింది. జూరా పిన్ని మొహం సందులోంచి సగమే కనిపించింది, నోరు తెరిచి ఉంది, అందులోంచి మాట రావడం లేదు, అలాంటి రోజు చూస్తాననుకోలేదు. తర్వాత ఆ మొహం ముడుచుకుపోయింది, ఏడుస్తుందేమో అనుకున్నాను, నాకు భయమేసింది, ఈ ఏడుపు చూడలేకే కదా చలికాలమంతా ఎవరినీ లోపలికి రానివ్వనిది. ఆమె ఆ బుల్లి బూట్లు చేత్తో పట్టుకుని, ఏం చెయ్యాలో తోచక, "అయ్యయ్యో, మరి ఇవి పట్టవే వాడికి," అంది.

"పట్టినా ఒకటి మిగిలిపోయేదిలే," అంది మా అమ్మ.

నేను నవ్వాను. నవ్వాలనుకోలేదు, అది పొట్టలోంచి తన్నుకొచ్చింది, దుప్పటి నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఎన్నాళ్ళయిందో, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, చలికాలమంతా మూలపడ్డ బండిని కదిపితే వచ్చే చప్పుడు. ఆమె ఈ మాట ఎక్కణ్ణుంచి తెచ్చింది? నా కాలి గురించి ఎవరూ ఒక్క మాట అనకూడదని ఇంట్లో శాసనం, నేను పెట్టిందే, ఆమె ఇన్నాళ్ళూ కుక్కిన పేనులా పడి ఉంది, ఇవాళ ఊరందరి ముందూ ఇంత మాట అనేసింది. అవతల ముందు ఒకావిడ కిసుక్కుమంది, తర్వాత జూరా పిన్ని, తర్వాత అందరూ, బల్ల మీద కప్పులు గలగలలాడాయి. నవ్వుతూ నవ్వుతూ నా కళ్ళు కారుతున్నాయి. నవ్వుకో ఏడుపుకో నేను చూసుకోలేదు.

తెర తీసుకుని అమ్మ వచ్చింది. చేతిలో దారం, చంకలో కాలు. నేను ఇంక నిద్ర నటించడానికి లేదు, పట్టుబడిపోయాను. ఆమె చాప మీద కూలబడింది, ఆమె మోకాళ్ళు కూడా మంచివేం కావు, కూర్చోవడానికి గోడ పట్టుకుంది. ఆమె చేతులు చూశాను, కేటిల్ నీళ్ళు పడిన చోట చర్మం గులాబీరంగుగా, నున్నగా, కొత్తగా ఉంది. ఇదివరకు నేను ఆ చేతుల్ని చూడలేదు. రోజూ ఆ చేతులే అన్నం పెట్టాయి, మొండికాలు కడిగాయి, గుడ్డ చుట్టాయి, అయినా చూడలేదు, నాకు నా కాలే కనిపించింది. ఒక మనిషికి ఎంత నొప్పి ఉంటే పక్కమనిషి కాలిన చెయ్యి కనిపించకుండా పోతుంది? నా నొప్పి అంత పెద్దదా? నిజంగా అంత పెద్దదా?

"ఒరేయ్, నాకు కోపం తెప్పించకు, విను," అంది, కోపమేమీ లేకుండా. "బిడ్డ పడుకునే ఉంటే ఏం చెయ్యాలో నాకు తెలీదురా. నాకెవరూ నేర్పలేదు. బిడ్డ లేచి నిలబడితే ఏం చెయ్యాలో తెలుసు, దారం పేనాలి, పొట్టేలు కొయ్యాలి, ఊరిని పిలవాలి. నాకు తెలిసింది నేను చేశాను. నువ్వు రానంటే వాళ్ళకి మాంసం పెట్టి పంపించేస్తాను. నిన్నేమీ అనను."

అనదు. నిజంగానే అనదు, అదే భయం. ఆ బూట్లన్నీ మూటగట్టి పెట్టెలో పెడుతుంది, దారం చుట్ట చుట్టి దాస్తుంది, రేపు పొద్దున మళ్ళీ ఆ తలుపు వెనక దుమ్ము తుడుస్తుంది, వచ్చే చలికాలం కూడా, ఆ పై చలికాలం కూడా, ఆమె మోకాళ్ళు వంగినంతకాలం. తర్వాత? తర్వాత నన్నెవరు చూస్తారని కాదు, అది ఎలాగో గడుస్తుంది, ఈమెని ఎవరు చూస్తారు? ఆ ప్రశ్న ఇంతకుముందు నా బుర్రలోకి రాలేదంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ఎర్రగుర్రం తన నొప్పిలో కూడా పక్కన ఎవరున్నారో చూసుకుంది. నేను మనిషిని. లేచి కూర్చున్నాను, మోకాలు ఆమె వైపు చాపాను. ఆమె గుడ్డ తొడిగింది, కాలు తొడిగింది, పట్టీలు బిగించింది, కుర్రాడు పట్నంలో చూపించినట్టే, ఒక్క తప్పు లేకుండా. ఎప్పుడు నేర్చుకున్నావే అమ్మా? అడగలేదు. ఆమె భుజం మీద చెయ్యి వేసి లేచాను, గడప దాటాను, మెట్టు దిగాను, ఒళ్ళంతా చెమట పట్టింది.

ఎండ కొట్టింది కళ్ళలో. ఊరంతా ఉంది. పెద్దవాళ్ళు చూపులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఆకాశం వైపు, పొయ్యి వైపు చూస్తున్నారు, పిల్లలకి ఆ బాధ లేదు, గుడ్లప్పగించి బూటు వంకే చూస్తున్నారు. అమ్మ వంగి రెండు కాళ్ళకీ దారం కట్టింది, ఎనిమిది అంకెలా తిప్పి, మాంసం కాలికొక చుట్టు, ఇనుప కాలికొక చుట్టు, తేడా చూపించకుండా. పిల్లల్ని వాగు దాకా తోలారు. దోరొన్ తాత కర్ర ఎత్తాడు, దించాడు. పరిగెత్తారు. దుమ్ము లేచింది, ఒకడు పడ్డాడు, ఒకడి చెప్పు ఎగిరింది, అందరికంటే ముందు ఒక పిల్ల, రెండు జడలు గాల్లో, ఊపిరి ఆడక మొహం కందిపోయింది, వచ్చి నా కాళ్ళ దగ్గర దబ్బున కూర్చుంది. బెగిమాయ్, బడి పక్కింటి వాళ్ళ అమ్మాయి. కత్తి అందుకుని, పైకి చూసి, "కోస్తే నొప్పెడుతుందా?" అంది. "పెట్టదు, కొయ్యి," అన్నాను. కోసింది. లేచి నా చెయ్యి పట్టుకుంది, దాని పరుగు ఇంకా ఆగలేదు, ఒక్క గుంజు గుంజింది, నేను ముందుకి తూలి, రెండు చేతులూ ఆనించి బోర్లా పడ్డాను.

ఎవరూ కదల్లేదు. నేల వాసన, గడ్డి వాసన, నా ముక్కు ముందు ఒక చీమ. ఎవరైనా పరిగెత్తుకొచ్చి లేపితే నేను చచ్చిపోతాను, ఎవరూ రాకపోతే కూడా చచ్చిపోతాను, అలా ఉంది. ఎవరిదో అడుగు ముందుకు పడింది, అమ్మ గొంతు వినిపించింది, "ఉండనీ. పడని పిల్లాడెవడు?" బెగిమాయ్ నా పక్కన గొంతుక్కూర్చుని కాసేపు చూసింది. "లేవడం కూడా రాదా నీకు?" అంది. "మా తమ్ముడు ముందు పిర్రలెత్తుతాడు. చేతులు నేల మీదే ఉంచి పిర్రలెత్తు, తర్వాత చేతులు తియ్యి." పెరడంతా పగలబడి నవ్వింది, దోరొన్ తాత దగ్గేదాకా నవ్వాడు. పట్నం డాక్టర్లు ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. చేతులు ఆనించాను, కుడి కాలు తన్నిపెట్టి పిర్రలెత్తాను, ఊరందరి ముందూ, ఇంక దాచుకోవడానికేముంది, ఇనుప కాలిని కిందికి ఈడ్చుకున్నాను, ఒక చెయ్యి తీశాను, రెండో చెయ్యి తీశాను. నిలబడ్డాను. పిల్ల మళ్ళీ నా చెయ్యి పట్టుకుంది, అడుగు వేశాను. ఇంకోటి. పిల్ల చెయ్యి ఎప్పుడు వదిలేసిందో తెలీదు.

"చల్లండే, చల్లండి!" అని జూరా పిన్ని అరిచింది, అరుస్తూనే ఒడిలోంచి మిఠాయిలు, ఎండుపళ్ళు గుప్పిళ్ళకొద్దీ నా తల మీదుగా విసిరింది, అవి నా భుజాల మీద, బూట్ల మీద పడి దొర్లాయి. అంతే, ఊళ్ళో పిల్లలందరూ నా కాళ్ళ మీద పడ్డారు. తోసుకుంటూ, జుట్లు పీక్కుంటూ, నా మోకాళ్ళ మధ్యనుంచి, బూట్ల కిందనుంచి ఏరుకుంటున్నారు, వాళ్ళకి ఏది ఇనుము ఏది మాంసం అని పట్టలేదు, రెండూ మిఠాయికి అడ్డమే. చిన్న చిన్న వేళ్ళు. నా ఇనుప పాదం చుట్టూ అన్నీ వేళ్ళే, అది నాకు చెప్పదు, దాని కింద ఏం నలుగుతోందో దానికి తెలీదు, నేను కాస్త తూలితే ఎవరి వేలో నుజ్జయిపోతుంది. ఊపిరి బిగబట్టాను, నడుం బిగించాను. "ఒరేయ్, వేళ్ళు! వేళ్ళు రా! ఆ పక్కకి పో వెధవా, నా కాలి కింద చెయ్యి పెడతావేం, బుద్ధుందా?" అని గొంతు చించుకున్నాను. ఒక్కడు విన్నాడా?

"తిడుతున్నాడే," అంటోంది అమ్మ, మెట్టు మీద కూర్చుని, కాలిన చేతుల్లో మొహం పెట్టుకుని. "జూరా, వాడు తిడుతున్నాడే, పిల్లల్ని తిడుతున్నాడు." ఏడుస్తోంది. వెళ్ళి ఆమె పక్కన కూర్చోవాలనుంది. కానీ కదలకూడదు, ఇప్పుడు కాదు. ఎవరూ నన్ను పట్టుకోలేదు, నేనూ దేన్నీ పట్టుకోలేదు. ఆఖరి పిల్ల ఆఖరి మిఠాయి ఏరుకుని నా కాళ్ళ మధ్యనుంచి బయటికి పాకేదాకా అలాగే నిలబడి ఉన్నాను.